వైర్‌లెస్ మౌస్ మొండికేస్తే: పారేసే ముందు వరుసగా చేయాల్సినవి

కర్సర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు ఫోల్డర్ తెరుచుకుంటుంది. కిందికి స్క్రోల్ చేస్తుంటే పేజీ పైకి ఎగురుతుంది. "సెల్లు మార్చాను, అయినా అంతే. కొత్తది కొనాల్సిందేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు.

ఈ మూడింటికీ కారణాలు వేరు, అందుకే చేయాల్సిన పనీ వేరు. కారణం తేలకుండా సెల్లు మార్చడం, డ్రైవర్ (మౌస్‌ను విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) తీసి పెట్టడం, మౌస్‌ను టేబుల్‌కేసి కొట్టడం అన్నీ ఒకేసారి చేస్తే, పొరపాటున బాగైనా ఏది పనిచేసిందో తెలియదు. వారం తర్వాత మళ్లీ మొదలవుతుంది.

కింద చెప్పిన వరుసలో ఖర్చు లేని పనులు ముందున్నాయి, మౌస్ విప్పే పనులు చివర ఉన్నాయి. ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చాక ఓ పావుగంట మామూలుగా వాడి చూసి, అప్పుడు తర్వాతి మెట్టుకు వెళ్లండి.

1. మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవాల్సినవి

- మీ మౌస్‌కు సరిపోయే కొత్త ఆల్కలైన్ సెల్. చాలా మౌస్‌లకు పెన్సిల్ సెల్, కొన్నిటికి సన్న పెన్సిల్ సెల్
- ఒక తెల్ల ఏ4 కాగితం
- యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. మామూలు 2.0 రకం చాలు, పొడవు మీటరు లోపు
- ఇయర్ బడ్స్, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఫోన్లు రిపేర్ చేసే షాపులో ఐపీఏ అని అడిగితే ఇస్తారు
- ఇంకో కంప్యూటర్. పక్కింటివాళ్లదైనా సరే, పది నిమిషాలు చాలు
- మూలన పడేసిన పాత వైరు మౌస్ ఉంటే అది కూడా

ఐపీఏ బదులు హ్యాండ్ శానిటైజర్ వాడొద్దు. అందులోని జిగురు లోపలే ఉండిపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి అసలే వెళ్లొద్దు, ప్లాస్టిక్ కరిగిపోతుంది.

మౌస్ పనిచేయడం పూర్తిగా ఆగిపోయి, డెస్క్‌టాప్ కావడం వల్ల టచ్‌ప్యాడ్ కూడా లేకపోతే టెన్షన్ పడకండి. ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కితే మౌస్ కీస్ ఆన్ చేయాలా అని విండోస్ అడుగుతుంది. ఎంటర్ కొడితే కుడివైపు నంబర్ల కీలతో కర్సర్ కదులుతుంది, 5 నొక్కితే క్లిక్ అవుతుంది. నెమ్మదిగా కదులుతుంది గానీ పని గడుస్తుంది.

2. పెయింట్ పరీక్ష: రోగం ఎక్కడుందో అర నిమిషంలో తేల్చుకోవడం

ఈ పరీక్షను వదిలేయొద్దు. తర్వాత ఏ భాగం చదవాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

విండోస్‌లో పెయింట్ తెరిచి సన్నటి పెన్సిల్ ఎంచుకోండి. ఎడమ బటన్ నొక్కిపట్టి, వదలకుండా, జిలేబీ చుట్టినట్టు గుండ్రంగా గీస్తూ పేజీ నింపండి. మరీ వేగం వద్దు. సాధారణ మౌస్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకోసారి తన కదలికను కంప్యూటర్‌కు చెబుతుంది. విపరీతమైన వేగంతో గీస్తే మంచి మౌస్‌కైనా మూలలు వస్తాయి.

ఇప్పుడు గీత చూడండి.

- గీత మధ్యలో తెగి, ఖాళీ వచ్చి, మళ్లీ మొదలైందా? మీరు బటన్ వదలకపోయినా వదిలినట్టు మౌస్ అనుకుంటోంది. ఎడమ బటన్ కింది స్విచ్ అరిగింది. 9వ భాగం చూడండి.
- గీత తెగలేదు గానీ, గుండ్రంగా రావాల్సిన చోట స్కేలుతో గీసినట్టు తిన్నటి ముక్కలు వచ్చాయా? మధ్యలో కొన్ని సంకేతాలు కంప్యూటర్‌కు చేరలేదు. 4, 5 భాగాలు మీకోసమే.
- గీత వణికినట్టుందా, చేయి కదపకపోయినా చుక్క అటూ ఇటూ పాకుతోందా? సెన్సర్ లేదా దాని కింది ఉపరితలం. 6వ భాగం.
- గీత నున్నగా వచ్చింది గానీ, కాసేపు వదిలేసి మళ్లీ పట్టుకుంటే మౌస్ కదలడం లేదా? కరెంటు ఆదా చేసే సెట్టింగ్. 7వ భాగం.

గీసిన బొమ్మను సేవ్ చేసి పెట్టుకోండి. రిపేర్ తర్వాత మళ్లీ గీసి పక్కపక్కన పెట్టి చూస్తే, "ఏదో కొంచెం బాగైనట్టుంది" అన్న అనుమానానికి చోటుండదు.

3. తప్పు మౌస్‌దా, కంప్యూటర్‌దా?

మౌస్ మీద పడే నిందల్లో కొన్ని కంప్యూటర్ మోయాల్సినవి. రెండు చిన్న పరీక్షలు చేయండి.

మొదటిది: కర్సర్ ముక్కలుముక్కలుగా కదులుతున్న సమయంలోనే టచ్‌ప్యాడ్‌తోనో వైరు మౌస్‌తోనో కదిపి చూడండి. అదీ అలాగే కదిలితే మౌస్‌ను వదిలేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. సీపీయూ గానీ డిస్క్ గానీ 100 శాతం దగ్గర కూర్చుని ఉంటుంది. అప్‌డేట్ దిగుతుండవచ్చు, యాంటీవైరస్ స్కాన్ నడుస్తుండవచ్చు.

రెండోది: మౌస్‌ను, దాని డాంగిల్‌ను (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే, మౌస్ సంకేతాలు అందుకునే చిన్న ముక్క) ఇంకో కంప్యూటర్‌కు పెట్టి అదే పెయింట్ పరీక్ష చేయండి. అక్కడా అదే గీత వస్తే లోపం మౌస్‌లో ఉంది. అక్కడ చక్కగా వస్తే మీ కంప్యూటర్ సెట్టింగుల్లోనో, దాని చుట్టుపక్కలో ఉంది.

కర్సర్ టైప్ చేస్తున్నప్పుడు మాత్రమే ఎక్కడికో ఎగిరిపోతుంటే, చాలావరకు అది అరచేయి టచ్‌ప్యాడ్‌కు తగలడం వల్లే. టచ్‌ప్యాడ్‌ను ఆపేసి ఓ గంట టైప్ చేయండి, తేలిపోతుంది.

4. సెల్లు: మార్చాం అనుకోవడం వేరు

"కొత్త సెల్లే వేశాను" అన్నవాళ్లను కాస్త గట్టిగా అడిగితే సమాధానం మారుతుంది. గోడ గడియారంలోంచి తీసింది వేసి ఉంటారు, లేదా గడియారం కోసం కొన్న చవక జింక్ కార్బన్ సెల్ వేసి ఉంటారు. గడియారానికి కరెంటు చాలా తక్కువ సరిపోతుంది. అందులో ఏడాది నడిచే సెల్ మౌస్‌లో కొన్నాళ్లకే చేతులెత్తేస్తుంది. మౌస్ లైటు వెలుగుతుంది, కర్సర్ కూడా కదులుతుంది, కానీ దూరంగా ఉన్న డాంగిల్‌కు సంకేతం అందేంత శక్తి ఉండదు.

చేయాల్సిన వరుస ఇది.

1. మౌస్ అడుగున ఉన్న స్విచ్ ఆఫ్ చేసి సెల్ తీయండి.
2. స్ప్రింగ్‌ను, ఎదురుగా ఉన్న రేకును వెలుతురులో చూడండి. తెల్లటి పొడి, ఆకుపచ్చ మరక ఉంటే పాత సెల్ కారింది.
3. ఆల్కలైన్ సెల్‌లోంచి కారేది క్షారం, చర్మానికి మంచిది కాదు. చేతికి గ్లవ్ వేసుకుని, ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో ముంచి పిండేసి తుడవండి. తర్వాత ఐపీఏతో తుడిచి అరగంట ఆరనివ్వండి.
4. స్ప్రింగ్ లోపలికి అణిగిపోయి ఉంటే ట్వీజర్‌తో మెల్లగా ఒక మిల్లీమీటరు బయటికి లాగండి.
5. కొత్త ఆల్కలైన్ సెల్ పెట్టి, బొటనవేలితో దాన్ని అక్కడే రెండు మూడు చుట్లు తిప్పండి. ఆ రాపిడికి రేకు మీది సన్నటి తుప్పుపొర పోతుంది.

మౌస్‌ను కొంచెం ఎత్తి టేబుల్ మీద పెట్టగానే ఆఫ్ అయి ఆన్ అవుతుంటే, సెల్ వదులుగా ఉందని అర్థం. నాలుగో అంశం దానికే.

మల్టీమీటర్ ఉంటే: కొత్త ఆల్కలైన్ 1.5 వోల్టులు, ఆ పైన కొంచెం చూపిస్తుంది. 1.2కు దిగిందంటే మార్చే వేళయింది. రీఛార్జబుల్ సెల్లు నిండుగా ఉన్నా 1.2 దగ్గరే ఉంటాయి కాబట్టి, మౌస్ సాఫ్ట్‌వేర్ "బ్యాటరీ తక్కువ" అని ఊరికే గోల పెట్టవచ్చు. దాన్ని పట్టించుకోనక్కర్లేదు, పెయింట్ పరీక్షను నమ్మండి.

రెండు సెల్లు పట్టే మౌస్‌లో ఒకటి పాతది ఒకటి కొత్తది వేయొద్దు.

5. డాంగిల్ ఎక్కడుంది? అసలు కథ ఇక్కడే

నన్నడిగితే, కర్సర్ ముక్కలుగా కదలడానికి ఎక్కువసార్లు దొరికే కారణం ఇదే. కాస్త వివరంగా చెబుతాను.

డాంగిల్‌తో వచ్చే మౌస్ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మాట్లాడుతుంది. అదే పట్టీలో మీ వైఫై రౌటర్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్, వంటింట్లోని మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఉన్నాయి. వాటి సంగతి చాలామందికి తెలుసు. తెలియనిది యూఎస్‌బీ 3.0 పోర్టు గురించి.

యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపుతుంది. ఆ వేగంలో పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోకి కూడా చిందుతుంది. ఇంటెల్ కంపెనీ 2012లో దీని గురించే ఒక సాంకేతిక పత్రం విడుదల చేసింది. పోర్టులో, కేబుల్‌లో, దానికి తగిలించిన హార్డ్ డిస్క్‌లో ఎక్కడినుంచైనా ఈ రొద రావచ్చు. పక్కనే సెంటీమీటరు దూరంలో డాంగిల్ ఉంటే, మౌస్ చెప్పే సన్నటి మాట దానికి వినబడదు.

దీన్ని పట్టుకోవడం తేలిక. బయటి హార్డ్ డిస్క్‌కు ఓ పెద్ద సినిమా ఫైలు కాపీ పెట్టి, అది నడుస్తుండగా పెయింట్‌లో గీయండి. అప్పుడు తిన్నటి ముక్కలు పెరిగి, కాపీ అయిపోగానే తగ్గితే దొంగ దొరికినట్టే.

సన్నటి ల్యాప్‌టాప్‌లు వాడేవాళ్లకు ఇది ఇంకా పెద్ద తలనొప్పి. వాటిలో చాలావాటికి టైప్ సీ పోర్టులే ఉంటాయి కాబట్టి డాంగిల్ కోసం ఒక హబ్ (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే పెట్టె) కొంటారు. అదే హబ్‌లో మానిటర్ కేబుల్, పెన్‌డ్రైవ్, నెట్ కేబుల్ అన్నీ గుచ్చి, వాటి మధ్యలో డాంగిల్ పెడతారు. డాంగిల్‌కు అంతకన్నా చెడ్డ చోటు ఇంకోటి లేదు.

ఏం చేయాలంటే:

- డాంగిల్‌ను ఇంకో పోర్టుకు, వీలైతే ల్యాప్‌టాప్‌కు అవతలి పక్కకు మార్చండి. లోపల నీలం ప్లాస్టిక్ ముక్క ఉన్న పోర్టు సాధారణంగా 3.0, నల్లది లేదా తెల్లది 2.0. అన్ని కంపెనీలూ ఈ రంగులు పాటించవు గానీ చూడ్డానికి ఒక గుర్తు.
- మౌస్ పట్టుకునే చేతివైపు పోర్టు దొరికితే ఇంకా మంచిది.
- డెస్క్‌టాప్ అయితే వెనక గుచ్చొద్దు. మౌస్‌కూ డాంగిల్‌కూ మధ్య ఇనుప క్యాబినెట్ అడ్డం వస్తుంది. టేబుల్ కింద ఇనుప ఫ్రేములో క్యాబినెట్ ఉంటే మరీ కష్టం.
- ఏదీ కుదరకపోతే యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను టేబుల్ మీదికి, మౌస్‌కు ఓ జానెడు దూరంలోకి తీసుకురండి. వంద, రెండొందలకు దొరికే ఈ కేబుల్ కాపాడిన మౌస్‌లు ఎన్నో.
- కీబోర్డ్‌కు వేరే డాంగిల్ ఉంటే రెండింటినీ పక్కపక్క పోర్టుల్లో పెట్టొద్దు.

పెట్టె మీద "10 మీటర్లు" అని రాసి ఉంటుంది. అది అడ్డేమీ లేని ఖాళీ చోట చెప్పే లెక్క. రొద ఉన్నచోట మీటరు దూరమే ఎక్కువ కావచ్చు.

ఇక వైఫై. రౌటర్ మౌస్ టేబుల్ మీదే ఉంటే పక్కకు జరపండి, ల్యాప్‌టాప్‌ను 5 గిగాహెర్ట్జ్ పేరుతో వచ్చే వైఫైకి కలపండి. ఇంటినుంచి పనిచేసేవాళ్లు ఇంకోటి గమనించాలి. కరెంటు పోగానే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ఆ ఫోన్‌ను తీసుకొచ్చి మౌస్ పక్కనే పెడతారు. అక్కడినుంచి కర్సర్ తడబడుతుంది, "కరెంటు పోతే మౌస్ పాడవుతోంది" అనిపిస్తుంది. ఫోన్‌ను మూరెడు దూరం జరపండి, లేదా హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి.

6. మౌస్ కింద ఏముంది?

మౌస్ అడుగున ఉన్నది చిన్న కెమెరా. కింది ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫొటో తీసి, రెండు ఫొటోల మధ్య గరుకులు ఎంత జరిగాయో చూసి కదలికను లెక్కిస్తుంది. గరుకులు కనబడకపోతే లెక్క తప్పుతుంది. గాజు పలక వేసిన డైనింగ్ టేబుల్, మెరిసే గ్రానైట్, పాలిష్ పెట్టిన సన్‌మైకా దీనికి శత్రువులు.

ఏ4 కాగితం పెట్టి దానిమీద నడపండి. వెంటనే బాగైతే ఒక గుడ్డ మౌస్‌ప్యాడ్ కొనుక్కోండి, కథ ముగిసింది. గాజు మీద కూడా నడిచే సెన్సర్లు లాజిటెక్ 2009లో డార్క్‌ఫీల్డ్ పేరుతో తెచ్చింది. వాటికీ గాజు కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి.

కాగితం మీదా వణికితే మౌస్ తిరగేసి సెన్సర్ గుంటలోకి టార్చ్ వేసి చూడండి. తరచూ ఒక్క వెంట్రుకే అడ్డంగా పడుకుని ఉంటుంది, సగం బయటికి, సగం లోపలికి. నోటితో గట్టిగా ఊదితే ఉమ్మి తుంపర్లు లోపలికి పోతాయి. ఫొటోగ్రాఫర్లు వాడే రబ్బరు బ్లోయర్ ఉంటే మేలు, లేకపోతే పొడి ఇయర్ బడ్ చాలు. అడుగునున్న నున్నటి పాదాల చుట్టూ పేరుకున్న నల్లటి మడ్డిని గోరుతో గీకేయండి. దానివల్ల మౌస్ ఒక పక్కకు ఎత్తుగా లేచి సెన్సర్‌కు నేల దూరమవుతుంది.

7. విండోస్ సెట్టింగులు

ముందు ఒక రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం దీనికి సమానం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా విండోస్ తన లోపలి స్థితిని దాచుకుని మళ్లీ దాన్నే తెరుస్తుంది. రీస్టార్ట్‌లో మాత్రమే అన్నీ మొదటినుంచి మొదలవుతాయి.

కాసేపు వదిలేస్తే మౌస్ నిద్రపోయే సమస్యకు:

1. విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి వదిలి, తర్వాత ఎం నొక్కండి. డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది.
2. అడుగున ఉన్న యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ విప్పండి.
3. యూఎస్‌బీ రూట్ హబ్ అన్న ప్రతిదాని మీదా రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కు వెళ్లండి.
4. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అనే మొదటి గడిలో టిక్ తీసేయండి.
5. పాత కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కనబడితే డిజేబుల్ చేయండి.

కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ట్యాబ్ కనబడదు. అలాంటప్పుడు వెతుకుతూ కూర్చోవద్దు, తర్వాతి దానికి వెళ్లండి.

మౌస్ తన సెల్ ఆదా చేసుకోవడానికి తానే నిద్రపోవడం వేరు. ఒక్క క్లిక్‌తో లేచి వెంటనే పనిచేస్తే అది సహజం. దానికి మందు అక్కర్లేదు.

డివైస్ మేనేజర్‌లో మౌస్ పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ కొట్టి, డాంగిల్ తీసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ పెడితే విండోస్ తనంతట తానే డ్రైవర్ వేసుకుంటుంది. "మౌస్ డ్రైవర్ ఉచితం" అని ఊరించే సైట్ల నుంచి ఏదీ దించుకోవద్దు. మామూలు మౌస్‌కు కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. అదనపు సాఫ్ట్‌వేర్ కావాలంటే మౌస్ తయారు చేసిన కంపెనీ సొంత సైట్ ఒక్కటే దారి.

8. బ్లూటూత్ మౌస్ అయితే

డాంగిల్ లేదు కాబట్టి గొడవ లేదనుకోవద్దు. బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ లోనే నడుస్తుంది, యూఎస్‌బీ 3.0 రొద దానికీ తగులుతుంది. ఇక్కడ మాత్రం కదపాల్సింది హార్డ్ డిస్క్‌ను, హబ్‌ను.

- అడుగున 1, 2, 3 అని మారే బటన్ ఉందేమో చూడండి. బ్యాగులోంచి తీసేటప్పుడు అది నొక్కుకుపోయి, మౌస్ వేరే కంప్యూటర్ కోసం వెతుకుతూ ఉంటుంది.
- సెట్టింగుల్లో బ్లూటూత్ జాబితా నుంచి మౌస్‌ను తీసేసి, మౌస్ లైటు టకటకా మెరిసేదాకా జత చేసే బటన్ నొక్కిపట్టి, మళ్లీ కొత్తగా కలపండి.
- డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ అడాప్టర్‌కూ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే అక్కడా టిక్ తీయండి.
- వీడియో కాల్‌లో బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నప్పుడే మౌస్ తడబడుతుంటే, ఆ కాల్‌కు వైరు ఇయర్‌ఫోన్ పెట్టి తేడా చూడండి.

9. ఒక్క క్లిక్ రెండవుతుంటే

ఇది సెల్‌తోనో డాంగిల్‌తోనో పోయేది కాదు. బటన్ కింద వేలిగోరు కన్నా చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది. అందులో పలుచని లోహపు రేకు వంగి కిందిదానికి తగిలితే క్లిక్. లక్షలసార్లు వంగాక రేకు బిగువు తగ్గుతుంది, తగిలే చోట సన్నటి పొర కడుతుంది. అప్పుడు ఒకసారి నొక్కినా రేకు తగిలి, విడిపోయి, మళ్లీ తగులుతుంది. కంప్యూటర్‌కు అది డబుల్ క్లిక్. ఫైలును లాగుతుంటే మధ్యదారిలో ఎక్కడో జారిపోవడం కూడా దీనివల్లే.

మౌస్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగం పెంచమని కొందరు సలహా ఇస్తారు. అది లక్షణాన్ని కొన్నాళ్లు దాస్తుంది, లాగేటప్పుడు జారిపోవడాన్ని ఆపదు.

విప్పే ముందు బిల్లు వెతకండి. చాలా మౌస్‌లకు ఏడాది నుంచి మూడేళ్ల దాకా వారంటీ ఉంటుంది, డబుల్ క్లిక్ లోపానికి మార్చి ఇచ్చే కంపెనీలున్నాయి. విప్పితే వారంటీ పోయినట్టే. వారంటీ లేదని తేలాకే కింది పని.

1. సెల్ తీసేయండి, స్విచ్ ఆఫ్ చేయండి. ఛార్జింగ్ మౌస్ అయితే కేబుల్ కూడా తీయండి.
2. స్క్రూలు ఎక్కడున్నాయో చూడండి. ఒకటి సెల్ గుంటలో ఉంటుంది. మిగిలినవి తరచూ అడుగు పాదాల కింద, స్టిక్కర్ కింద దాక్కుంటాయి. స్టిక్కర్‌ను వేలితో నిమిరితే గుంట తెలుస్తుంది.
3. పాదాలను హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి పలుచని బ్లేడుతో లేపండి. జిగురువైపు కిందికి తగలకుండా ప్లాస్టిక్ కవరు మీద పెట్టండి, మళ్లీ అతికించాలి.
4. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో విప్పి పైకప్పు మెల్లగా తీయండి. రానంటే ఇంకో స్క్రూ మిగిలి ఉందని అర్థం, బలం వాడొద్దు. పైకప్పుకు సన్నటి రిబ్బన్ వైరు ఉండవచ్చు.
5. విప్పిన ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీయండి. స్ప్రింగ్ ఏ పక్కకు ఉందో రేపు గుర్తుండదు.
6. ఎడమ బటన్ కింది స్విచ్ మీద చిన్న గుబ్బ కనబడుతుంది. దాని అంచున ఒక్క చుక్క ఐపీఏ వేసి, గుబ్బను ఓ యాభైసార్లు టకటకా నొక్కండి. మరో చుక్క, మరో యాభై.
7. గంటసేపు ఆరనిచ్చి, బిగించే ముందే సెల్ పెట్టి పెయింట్‌లో గీసి చూడండి.

ఇది పనిచేస్తే కొన్ని వారాలు, అదృష్టముంటే నెలలు నడుస్తుంది. రేకు అరుగుదలను ఐపీఏ వెనక్కి తేలేదు కాబట్టి, లోపం తిరిగొస్తే స్విచ్ మార్చడమే దారి. చాలా మౌస్‌లలో ఉండేది మూడు కాళ్ల స్విచ్. ఆమ్రాన్ తయారీ డీ2ఎఫ్‌సీ రకం బాగా కనిపిస్తుంది. అదే సైజులో ఇతర కంపెనీలవీ దొరుకుతాయి, రెండు కోట్ల క్లిక్కులు, ఐదు కోట్ల క్లిక్కులు అని రేటింగ్ రాసి ఉంటుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగొచ్చు. పాత స్విచ్‌ను వెంట తీసుకెళ్లండి, మాటలతో చెబితే వేరేది ఇస్తారు.

సోల్డరింగ్ రాకపోతే ఫోన్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర చేయించుకోండి. ఒక చిట్కా: మీ పాత వైరు మౌస్‌లో కుడి బటన్ స్విచ్ దాదాపు కొత్తదిలా ఉంటుంది. కుడి క్లిక్ ఎవరు అంతగా వాడతారు? మూడు కాళ్లదే అయితే దాన్ని తీసి వైర్‌లెస్‌లో ఎడమవైపు వేయించుకోవచ్చు. పైసా ఖర్చు లేని విడిభాగం.

10. స్క్రోల్ వెనక్కి దూకుతుంటే

చక్రం పక్కనుండే, అది ఎంత తిరిగిందో లెక్కించే ఎన్‌కోడర్‌లో దుమ్ము చేరడమే ఎక్కువసార్లు కారణం. విప్పకుండానే ముందు ప్రయత్నించండి: సెల్ తీసి, చక్రం పక్క సందులోకి బ్లోయర్‌తో గాలి కొట్టి, చక్రాన్ని రెండు వైపులా వేగంగా నిమిషం పాటు తిప్పండి. కొన్నిసార్లు ఇంతే చాలు.

తగ్గకపోతే విప్పి, చక్రం ఇరుసుకు చుట్టుకున్న వెంట్రుకలు, నూగు ట్వీజర్‌తో తీయండి. చక్రం ఇరుసు దూరే చిన్న పెట్టెలాంటిదే ఎన్‌కోడర్. దాని సందులో ఒక చుక్క ఐపీఏ వేసి చక్రం తిప్పండి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె వేయొద్దు. తిరగడం నున్నగా మారుతుంది గానీ దుమ్ము రెట్టింపు అంటుకుంటుంది.

11. డాంగిల్ పోయినా, మారిపోయినా

ఆఫీసులో ఒకే మోడల్ మౌస్‌లు పది ఉంటే డాంగిల్‌లు మారిపోతాయి, అప్పుడు "నా మౌస్ చచ్చిపోయింది" అని ఇద్దరు బాధపడతారు. మౌస్‌కు, డాంగిల్‌కు ఒకే నంబరు రాసిన చిన్న స్టిక్కర్లు అంటించండి. ప్రయాణంలో డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కే ఉంచితే బ్యాగులో వంగి పోర్టు కూడా పాడవుతుంది. చాలా మౌస్‌లలో సెల్ మూత లోపల దాని కోసమే ఒక గుంట ఉంటుంది, అక్కడ పెట్టండి.

పోతే ఏంటన్నది మౌస్‌ను బట్టి ఉంటుంది. లాజిటెక్ మౌస్ అడుగున నారింజ రంగు నక్షత్రంలాంటి యూనిఫైయింగ్ గుర్తుంటే, అదే గుర్తున్న వేరే డాంగిల్ కొని కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో జత చేసుకోవచ్చు. ఒక్క డాంగిల్‌కు ఆరు పరికరాల దాకా కలుస్తాయి. కొత్త బోల్ట్ రకానికి బోల్ట్ డాంగిలే కావాలి, ఈ రెండూ ఒకదానికొకటి పనికిరావు. ఇలాంటి గుర్తులేవీ లేని చవక మౌస్‌లకు సాధారణంగా ప్రత్యామ్నాయం ఉండదు. బ్లూటూత్ కూడా ఉన్న మోడల్ అయితే అడుగున స్విచ్ మార్చి దానితో నడిపించుకోండి.

12. ఇక చాలు అనుకోవాల్సిందెప్పుడు

500, 600 రూపాయల మౌస్‌కు స్విచ్ మార్చడానికి 300 అడిగితే నేనైతే కొత్తదే కొంటాను. చేతికి బాగా అలవాటైన ఖరీదైన మౌస్ అయితే రిపేర్ చేయిస్తాను. కిందివాటిలో ఏది కనబడినా రిపేర్ ఆలోచన మానేయండి.

- సెల్ కారి, బోర్డు మీది రాగి గీతలు ఆకుపచ్చగా తినేసి ఉంటే
- టీ, కాఫీ పడి లోపల జిగటగా అయి, శుభ్రం చేసినా ఆన్ కాకపోతే
- రెండు కంప్యూటర్లలో, కొత్త సెల్‌తో, డాంగిల్ జానెడు దూరంలో ఉన్నా గీత తిన్నటి ముక్కలుగానే వస్తుంటే
- ఛార్జింగ్ మౌస్ కడుపు ఉబ్బి పైకప్పు లేచినట్టుంటే. లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బింది, దాన్ని పొడవొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి

కొత్తది కొన్న రోజే పెయింట్ పరీక్ష చేయండి, మీ సొంత టేబుల్ మీద, మీ హార్డ్ డిస్క్ తగిలించి ఉండగానే. వాపసు గడువు సాధారణంగా కొద్ది రోజులే ఉంటుంది, పెట్టెను అప్పటిదాకా చింపకండి.